వేడెక్కేదాకా

నీష్ ఊళ్లో, రైలు షెడ్ల వెనక వీధిలో
మా గారేజీ తలుపు సగమే లేస్తుంది.
వంగి లోపలికొస్తే
మొదట తగిలేది టంకం పొగ,
తర్వాత లుబింక దగ్గు.

ముప్ఫై ఏళ్ల కిందట ఫ్యాక్టరీలో
గాజు బుడ్ల లోపలికి వెంట్రుకంత తీగచుట్టలు దించేది ఆమె.
మూతపడ్డ రోజు, ఆఖరి జీతం కింద
రెండు అట్టపెట్టెల వాల్వులు చేతిలో పెట్టారు.
వీటితో బీన్సు ఉడుకుతాయా, అన్నాడట మొగుడు.
ఉడుకుతాయి, కాస్త ఆలస్యంగా, అందట.

నేను రేకు మనిషిని.
చచ్చిన వాషింగ్ మెషీన్ల పక్కలు కోసి
పెట్టెలు వంచుతాను, బెజ్జాలు వేస్తాను.
ఒక్కోదాని మీద "చన్నీళ్లు" అన్న నీలం అక్షరాలు మిగిలిపోతాయి.
గీకబోతే వద్దంటుంది.
సరిగ్గా వాటి కిందే గెయిన్ నాబ్ బిగించమంటుంది.

ప్రీయాంప్ అంటే ఏంటని మా మేనకోడలు అడిగింది ఒకసారి.
మైకులోంచి వచ్చేది చీమ గొంతు, అంది లుబింక,
దాన్ని ఏనుగు చేయడం ఎవరైనా చేస్తారు.
చీమని చీమలాగే ఉంచి
గదంతా వినపడేట్టు చేయాలి.
మరి కంప్రెసర్?
అది మా అత్తగారు.
అరిచేవాడి భుజం మీద చెయ్యి వేస్తుంది,
గొణిగేవాడి పక్కకి కుర్చీ లాక్కుంటుంది.
చెయ్యి ఎప్పుడు వేసిందో తెలియకూడదు.
ఎప్పుడు తీసిందో అసలే తెలియకూడదు.

నవంబరులో వ్రాన్యె నుంచి నెజ్మెదిన్ వచ్చాడు,
పెళ్లికీ చావుకీ ఒకటే బాకా ఊదే మనిషి.
ఇంటి వెనక కోళ్లగూడు స్టూడియో చేశాడట,
గుడ్ల అట్టలు ఎలాగూ ఉన్నాయిగా గోడలకి, అని నవ్వాడు.
తెచ్చినవి నలిగిన నోట్లు,
ఆడేవాళ్లు బాకా నోట్లో కుక్కినవి, ఇంకా తడి.
లెక్కిస్తే మూడోవంతు తక్కువ.
పిండి కొద్దీ రొట్టె, అన్నాను నేను,
కంప్రెసర్ తీసేసి ఇద్దాం.
లుబింక నోట్లు ఒక్కొక్కటీ రేడియేటర్ మీద ఆరేసింది.
పెట్టెలోంచి ఏదీ తీయలేదు.

రెండు వారాలకి ఫోను:
గుయ్యిమంటోంది, మేడమ్.
ఆమె మొహం చూడాలప్పుడు, పంటి కింద రాయి పడ్డట్టు.
బస్సెక్కాం ఇద్దరం, ఆమె ఒళ్లో టంకం కడ్డీ,
దారి పొడుగునా మాట లేదు.

గూట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెతికింది.
ఎర్త్ సరే.
ట్రాన్స్‌ఫార్మర్ సరే.
రేకు సరే (నాకప్పటికే చెమటలు).
మైకు తీగ పీకితే నిశ్శబ్దం,
పెడితే మళ్లీ గుయ్యి.
కళ్లు మూసుకుంది చాలాసేపు.
కరెంటు గుయ్యి ఊపిరి పీల్చుకోదు కదా, అంది,
ఇది పీల్చుకుంటోంది.

లేచి, గుడ్ల అట్ట ఒకటి ఊడదీసి
గోడకి చెవి ఆనించింది.
అవతలి గదిలో నెజ్మెదిన్ తండ్రి,
ఊపిరితిత్తులు మొరాయించి బాకా వదిలేసి ఆరేళ్లు,
పెదవులు మూసుకుని
ఏదో నడక పాటని గొంతులోనే తిప్పుకుంటున్నాడు.
కన్న కొడుకు ఆరేళ్లలో వినలేదు.
మా వాషింగ్ మెషీన్ రేకు విన్నది.

నెజ్మెదిన్ మైకు వంకా గోడ వంకా చూశాడు.
రిపేరేమీ లేదు, అంది లుబింక, బస్సు చార్జీ ఇయ్యి.
అతను రికార్డు మీట మీద వేలు పెట్టబోతే
చెయ్యి పట్టుకుని ఆపింది:
ఇప్పుడేగా స్విచ్చు వేశాను. ఆగు.

చన్నీళ్లు అన్న అక్షరాల వెనక
తీగ ఒకటి నారింజరంగుకి తిరుగుతోంది, నిదానంగా.
నిలబడే ఉన్నాం ముగ్గురం, కోళ్ల వాసనలో.
ఎవరూ గోడ తట్టలేదు.